ఎంజైమ్ ఉందా అని కాదు, పనిచేస్తోందా అని చూడండి

పురుగుమందు తాగిన మనిషిని వరంగల్‌లోనో గుంటూరులోనో ఆసుపత్రికి తీసుకొస్తే డాక్టర్లు రాసే రక్తపరీక్షల్లో కోలినెస్టరేజ్ ఒకటి. రక్తంలో ఆ ఎంజైమ్ ఎంత ఉందన్నది ఆ పరీక్షలో తేలే సంగతి కాదు. అది ఎంత పని చేస్తోందన్నదే తేలుతుంది. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గనోఫాస్ఫేట్ మందు ఎంజైమ్‌ను మాయం చేయదు. ఎంజైమ్ పనంతా జరిగే గూటిలోకి దూరి, అక్కడున్న సెరీన్ అనే ఒక్క అమైనో ఆమ్లాన్ని పట్టుకుని కూర్చుంటుంది. ప్రోటీన్ ఉన్నచోటే ఉంటుంది, పని ఆగిపోతుంది. అదే రక్తంలో ప్రోటీన్ పరిమాణం ఒక్కటే కొలిచి ఊరుకుంటే అంతా బాగానే ఉందనిపించవచ్చు. మనిషి మాత్రం ఊపిరాడక కొట్టుకుంటూ ఉంటాడు.

ఈ సంగతి డాక్టర్ల కోసం రాయడం లేదు. ఎమ్మెస్సీ ఆర్గానిక్ కెమిస్ట్రీయో, బయోటెక్నాలజీయో, ఎం.ఫార్మసీయో పూర్తిచేసి జీనోమ్ వ్యాలీలోనో, బెంగళూరులోనో, విదేశాల్లోనో మందులు కనిపెట్టే ల్యాబుల్లో కొత్తగా చేరినవారి కోసం రాస్తున్నాను. మీలో చాలామందికి మొదటి ఏడాదే ‘ఈ కాంపౌండ్ కణాల్లో ఫలానా ఎంజైమ్‌ను ఆపుతోందో లేదో చూడు’ అన్న పని చేతికొస్తుంది. చూడటానికి చిన్న పనే. కానీ దాని ఫలితం మీద ఆధారపడి ఇంకో ఇరవై కాంపౌండ్లు తయారవుతాయి, ఎలుకల మీద పరీక్షలు మొదలవుతాయి, ఒక్కోసారి మనుషుల దాకా వెళ్తుంది. అందుకే ఈ పని ఎలా చేయాలో, ఎక్కడ మోసపోతామో వివరంగా చెప్పుకోవాలి.

ముందుగా వెస్టర్న్ బ్లాట్ సంగతి. బ్లాట్‌లో బ్యాండ్ ముదురుగా వచ్చింది కాబట్టి ఎంజైమ్ చురుగ్గా ఉందని రాసేయడం మన ల్యాబుల్లో పాతుకుపోయిన అలవాటు. హాజరుపట్టీలో సంతకం ఉన్నంత మాత్రాన ఆ రోజు పని జరిగిందని ఎవరూ రాసివ్వరు కదా. కాస్పేజ్-3 కణంలో ఎప్పుడూ ఉంటుంది, కానీ కోత పడేదాకా నిద్రపోతున్న రూపంలోనే ఉంటుంది. కెథెప్సిన్లు కూడా ముందు నిద్రరూపంలోనే తయారై, లైసోజోమ్‌లోకి చేరాక మేల్కొంటాయి. మేల్కొన్న ఎంజైమ్‌లను ఆపడానికి సెర్పిన్లు, సిస్టాటిన్లు, టింప్‌లు అనే ప్రోటీన్లను కణాలే తయారు చేసుకుంటాయి. కాబట్టి పరిమాణం వేరు, పని వేరు. పని చూడాలంటే పనిచేస్తున్న ఎంజైమ్ మాత్రమే స్పందించే రసాయనం కావాలి. దాన్నే ల్యాబుల్లో ప్రోబ్ అంటాం.

అలాంటి ప్రోబ్‌లలో పేరున్నది ఫ్లోరోఫాస్ఫొనేట్. 1999లో అమెరికాలోని స్క్రిప్స్ పరిశోధన సంస్థలో బెంజమిన్ క్రావాట్ బృందం దీన్ని వాడి, సెరీన్ హైడ్రొలేజ్ కుటుంబానికి చెందిన ఎన్నో ఎంజైమ్‌లను ఒక్క జెల్‌లో చూపించింది. మనిషిలో ఈ కుటుంబానికి చెందిన ఎంజైమ్‌లు 200 పైచిలుకు ఉన్నాయి. పురుగుమందుకు దెబ్బతినే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ కూడా ఈ కుటుంబానిదే. మనిషిని చంపే పురుగుమందు ఏ దారిన సెరీన్‌ను పట్టుకుంటుందో ఈ ప్రోబ్ కూడా అదే దారిన పట్టుకుంటుంది. తేడా ఏమిటంటే, పట్టుకునే కొసకు రెండో పక్కన వెలిగే రంగునో, బయోటిన్‌నో కట్టి ఉంచుతారు. పనిచేస్తున్న ఎంజైమ్‌కు సెరీన్ చురుగ్గా ఉంటుంది కాబట్టి ప్రోబ్ దానికి అతుక్కుంటుంది. నిద్రలో ఉన్నదానికి, ఇప్పటికే ఇన్హిబిటర్ పట్టేసినదానికి అతుక్కోదు. జెల్ వేసి స్కానర్ కింద పెడితే పనిచేస్తున్నవి మాత్రమే వెలుగుతాయి. మీ కాంపౌండ్ ముందే ఇచ్చి ఉంటే, అది ఆపిన ఎంజైమ్ బ్యాండ్ కనపడకుండా పోతుంది. పక్కనే ఇంకే బ్యాండ్లు పోయాయో కూడా అదే జెల్‌లో కనిపిస్తుంది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది ఆ రెండో సంగతే. మీరు అడగని ప్రశ్నకు కూడా జవాబు చెబుతుంది.

ఇక బెంచి మీద పని. చాలా జెల్‌లు పాడయ్యేది కష్టమైన చోట కాదు, అలవాటుగా చేసే చోట. కణాలను పగలగొట్టేటప్పుడు లైసిస్ బఫర్‌లో ప్రోటియేజ్ ఇన్హిబిటర్ కాక్‌టెయిల్ పోయడం అందరికీ చేతి అలవాటుగా వచ్చేసింది. అందులో పీఎంఎస్ఎఫ్ గానీ ఏఈబీఎస్ఎఫ్ గానీ ఉంటుంది. అవి పట్టుకునేది సెరీన్ ఎంజైమ్‌లనే. మీరు చూడాలనుకున్న వాటిని మీ బఫరే ముందుగా ఆపేస్తే, జెల్ ఖాళీగా వస్తుంది, మీ కాంపౌండ్ అద్భుతంగా పనిచేసిందన్న భ్రమ కలుగుతుంది. సిస్టీన్ ఎంజైమ్‌లు చూసేవారు అయొడోఎసిటమైడ్ రకం ప్రోబ్ వాడుతుంటే, లేబులింగ్ అయ్యేదాకా డీటీటీ, బీటా మెర్కాప్టోఇథనాల్ దగ్గరికి రానివ్వకూడదు. అవి ప్రోబ్‌ను తామే తినేస్తాయి. క్లిక్ రసాయనం వాడేవారు ఈడీటీఏ ఉన్న బఫర్ వాడితే ఆ చర్యకు కావలసిన రాగిని అది లాగేసుకుంటుంది, చర్య జరగదు. బఫర్ సీసా మీద పేరు చదివి ఊరుకోవద్దు, లోపల ఏముందో చదవండి.

క్లిక్ రసాయనం గురించి ఒక మాట. 2022లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి కారొలిన్ బెర్టోజ్జి, మోర్టెన్ మెల్డాల్, బ్యారీ షార్ప్‌లెస్ ముగ్గురికీ వచ్చింది దీనికే. పెద్ద రంగు అణువు కట్టిన ప్రోబ్ చాలాసార్లు కణంలోకి సరిగా దూరదు. అందుకని చిన్న ఆల్కైన్ మాత్రమే కట్టిన ప్రోబ్‌ను బతికున్న కణాలకు ఇచ్చి, తర్వాత కణాలను పగలగొట్టి, రాగి సాయంతో ఎజైడ్ రంగును తగిలిస్తాం. రాగి బతికున్న కణాలకు విషం కాబట్టి ఆ వరుస తప్పకూడదు. బతికున్న కణంలోనే రంగు తగిలించాలంటే రాగి అక్కరలేని డీబీసీఓ రకం వాడాలి. రాగి పద్ధతిలో టీసెప్ ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోవాలి. నిన్న మిగిలింది ఉంది కదా అని పోస్తే ఆ జెల్ మీద పెట్టిన రోజంతా వృథా.

జెల్‌లో వరుసలు ఎలా వేస్తారన్నది మీ ఉద్యోగంలో మీకు పేరు తెచ్చే విషయం. ప్రోబ్ లేని లైసేట్ ఒక వరుస. ఉత్త డీఎంఎస్ఓ ఇచ్చి ప్రోబ్ వేసినది ఒక వరుస. 95 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు ఉడికించి, తర్వాత ప్రోబ్ వేసినది ఒకటి. ఉడికిన ఎంజైమ్‌కు పని ఉండదు కాబట్టి ఈ వరుసలో కూడా వెలిగిన బ్యాండ్ ఏదైనా ఉంటే అది పనికి గుర్తు కాదు, ఊరికే అంటుకున్నది. దాన్ని లెక్కలోంచి తీసేయాలి. మీ కాంపౌండ్ తక్కువ మోతాదు నుంచి ఎక్కువ దాకా ఆ తర్వాతి వరుసల్లో వేయండి. స్కానింగ్ అయ్యాక అదే జెల్‌కు కూమాసీ రంగు వేసి, అన్ని వరుసల్లోనూ ప్రోటీన్ సమానంగా పడిందో లేదో చూసి ఆ బొమ్మనూ పక్కనే పెట్టండి. ఉడికించిన వరుస లేని జెల్‌ను నేను చేతిలోకి తీసుకోను. రాజీ లేకుండా పట్టుకోవలసిన మొదటి అలవాటు ఇదే.

ఇంకొంచెం సూక్ష్మమైన ఇబ్బంది ఒకటుంది, ఇది పాఠ్యపుస్తకాల్లో అంతగా కనపడదు. మీ కాంపౌండ్ ఎంజైమ్‌ను పట్టి వదిలేసే రకమైతే, కణాలను పగలగొట్టగానే అది బఫర్‌లో ఎన్నో రెట్లు పలచబడిపోతుంది. మీ ప్రోబ్ మాత్రం పట్టిందంటే వదలని రకం. అరగంట టైమిస్తే ఖాళీ అయిన గూళ్లన్నీ అదే ఆక్రమిస్తుంది. జెల్‌లో బ్యాండ్ మామూలుగానే వెలుగుతుంది, బంగారం లాంటి కాంపౌండ్‌ను పనికిరానిదని పక్కన పడేస్తారు. అలాంటప్పుడు ప్రోబ్‌ను కణం బతికి ఉండగానే ఇవ్వాలి, టైము తగ్గించాలి. కెథెప్సిన్ల దగ్గర ఇంకో చిక్కు. లైసోజోమ్ లోపల పీహెచ్ 4.5, 5 దగ్గర పనిచేసే ఎంజైమ్‌ను 7.4 బఫర్‌లోకి తెచ్చి, పనిచేయడం లేదని రాస్తే తప్పు ఎంజైమ్‌ది కాదు. ‘కణాల్లో చూడు’ అని పై వాళ్లు ఎందుకన్నారో ఇక్కడ అర్థమవుతుంది.

ఫ్లోరోఫాస్ఫొనేట్ స్టాక్ సీసా ముట్టుకునేటప్పుడు అది ఏ కుటుంబానిదో గుర్తుంచుకోండి. జెల్‌కు వాడేది ఒకటి రెండు మైక్రోమోలార్లే. స్టాక్ మాత్రం చిక్కటిది. ఫ్యూమ్ హుడ్‌లోనే తీయండి, గ్లవ్స్ వేసుకోండి, చిందితే చెప్పండి. కొత్తగా చేరాం, చెబితే ఏమంటారో అని దాచుకోవద్దు.

అన్ని ల్యాబుల్లోనూ ఇలాంటి జెల్‌లు ఉండవు. కానీ ఎంటీటీ లేని ల్యాబ్ మనకు కనపడదు. మాస్మన్ 1983లో ప్రకటించిన ఈ పరీక్షను అందరూ ‘సెల్ వయబిలిటీ’ అంటారు గానీ, నిజానికి ఇదీ ఎంజైమ్ పనిని చూపే ప్రోబే. పసుపుపచ్చటి ఎంటీటీని కణంలోని డీహైడ్రోజినేజ్ లాంటి ఎంజైమ్‌లు ఊదారంగు ఫార్మజాన్‌గా మారుస్తాయి. దాన్ని 570 నానోమీటర్ల దగ్గర చదువుతాం. రంగు తగ్గితే కణాలు చచ్చాయని రాస్తాం. జీవక్రియ మందగించినా రంగు తగ్గుతుంది, కణం బతికే ఉంటుంది. దానికి ఎదురు సంగతి ఇంకా తరచుగా జరుగుతుంది. విటమిన్ సి, ఆకుల కషాయాల్లో ఉండే పాలీఫినాళ్లు, థయోల్ ఉన్న కాంపౌండ్లు ఎంటీటీని తామే ఊదారంగులోకి మార్చేస్తాయి, ఎంజైమ్ అవసరమే లేదు. మూలికల సారాల మీద పనిచేసే మన విద్యార్థులు ఎందరో దీనివల్ల నష్టపోతున్నారు. మందు కొద్దీ కణాలు పెరుగుతున్నాయని థీసిస్‌లో గ్రాఫ్ ఉంటుంది, ప్లేటులో పెరిగింది రసాయన చర్య మాత్రమే. విరుగుడు తేలిక. కణాలు లేని మూడు వెల్స్‌లో మీడియం, మీ సారం, ఎంటీటీ పోయండి. రంగు వచ్చిందా, సంగతి తెలిసిపోయింది. అప్పుడు ఎంటీటీ పోసే ముందు మందు ఉన్న మీడియం తీసి కడగండి, లేదా వేరే పద్ధతిలో, కనీసం ట్రిపాన్ బ్లూ వేసి లెక్కపెట్టి, సరిచూసుకోండి.

వెలుగు పుట్టించే సబ్‌స్ట్రేట్లకూ ఇదే జాగ్రత్త. ఏఎంసీ కట్టిన పెప్టైడ్‌ను ఎంజైమ్ కోస్తే నీలి వెలుగు వస్తుంది. డీఈవీడీ అన్న పెప్టైడ్ పేరు పక్కన కిట్ డబ్బా మీద ‘కాస్పేజ్-3’ అని రాసి ఉంటుంది, కానీ కాస్పేజ్-7 కూడా దాన్ని చక్కగా కోస్తుంది. కాబట్టి రిపోర్టులో ‘డీఈవీడీని కోసే పని’ అని రాయడమే నిజాయితీ. మీ కాంపౌండ్‌కే నీలి వెలుగుంటే, లేదా అదే వెలుగును మింగేస్తే ఏమిటని ముందే చూసుకోండి. ఎంజైమ్ లేకుండా కాంపౌండ్ ఒక్కటే చదివితే చాలు.

ఇప్పుడు రెండో రకం ప్రోబ్‌ల సంగతి. రంగు ఉండదు, ఎంజైమ్‌ను ఆపి, ఆపితే కణానికి ఏమవుతుందో చూపిస్తాయి. వీటిని కొనేవారు ఎక్కువ, సరిగా వాడేవారు తక్కువ. ఇది ఊరికే అంటున్న మాట కాదు. ఇలాంటి ప్రోబ్‌లు వాడిన 662 పరిశోధన పత్రాలను వరుసగా పరిశీలించిన ఒక అధ్యయనం 2023లో వచ్చింది. సిఫార్సు చేసిన మోతాదులో వాడి, పనిచేయని జంట కాంపౌండ్‌నూ పెట్టి, వేరే నిర్మాణం ఉన్న రెండో ప్రోబ్‌తోనూ సరిచూసినవి 4 శాతమే. మిగతావన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకటి వదిలేశాయి.

ఆ మూడింటినీ మీ పనికి కట్టుబాటుగా పెట్టుకోండి. మోతాదు విషయంలో ‘అందరూ 10 మైక్రోమోలార్ వేస్తారు’ అన్నది కారణం కాదు. మంచి ప్రోబ్‌కు గీటురాయి ఏమిటంటే, పరీక్షనాళికలో 100 నానోమోలార్ లోపే ఎంజైమ్‌ను ఆపాలి, దగ్గరి బంధువుల కంటే 30 రెట్లు ఎక్కువగా దాన్నే ఎంచుకోవాలి, కణంలో ఒక మైక్రోమోలార్ దగ్గర పనిచేయాలి. అంతకు పదింతలు పోస్తే అది ఇంకేం పట్టుకుంటుందో ఎవరికీ హామీ లేదు. కైనేజ్‌ల మీద పనిచేసేవారికి ఇంకో లెక్క. నాళికలో ఏటీపీ మైక్రోమోలార్లలో పోస్తాం, కణంలో అది మిల్లీమోలార్లలో ఉంటుంది. ఏటీపీ గూటికే పోటీపడే ఇన్హిబిటర్‌కు కణంలో మోతాదు ఎక్కువ కావాల్సిందే. ఎంత ఎక్కువో కొలిచి తెలుసుకోవాలి, ఊహించి పోయకూడదు. 2015 నుంచి నడుస్తున్న కెమికల్ ప్రోబ్స్ పోర్టల్‌లో నిపుణులు ఒక్కో ప్రోబ్‌కు మార్కులు వేసి, ఎంత మోతాదులో వాడాలో రాసి పెడతారు. ఖర్చు లేదు. ఇండెంట్ పెట్టే ముందు పది నిమిషాలు అక్కడ చూడండి. పాతబడిపోయి, ఇప్పుడు వాడొద్దని చెబుతున్న కాంపౌండ్లు కేటలాగుల్లో ఇంకా అమ్ముడవుతూనే ఉన్నాయి.

ఇది పత్రాల వరకే పరిమితమైన గొడవ కాదు. ఇనిపారిబ్ అన్న కాంపౌండ్‌ను పార్ప్ ఎంజైమ్ ఇన్హిబిటర్ అనుకుని రొమ్ము క్యాన్సర్ రోగుల మీద మూడో దశ పరీక్షల దాకా తీసుకెళ్లారు. 2011లో ఆ పరీక్ష విఫలమైంది. తర్వాత చూస్తే అది కణాల్లో పార్ప్‌ను ఆపడమే లేదు, సిస్టీన్ ఉన్న ఏవేవో ప్రోటీన్లకు అతుక్కుంటోంది. 2016 జనవరిలో ఫ్రాన్స్‌లోని రెన్ నగరంలో ఎఫ్ఏఏహెచ్ అనే సెరీన్ హైడ్రొలేజ్‌ను ఆపే బీఐఏ 10-2474 అనే కాంపౌండ్‌ను ఆరోగ్యంగా ఉన్న మనుషులకు ఇచ్చారు. ఒకరు చనిపోయారు, మరికొందరికి మెదడు దెబ్బతింది. మరుసటి ఏడాది, పైన చెప్పిన ఫ్లోరోఫాస్ఫొనేట్ పద్ధతితోనే చూస్తే, ఆ కాంపౌండ్ మనిషి నాడీకణాల్లో ఎఫ్ఏఏహెచ్‌తో పాటు ఇంకెన్నో లైపేజ్‌లనూ పట్టుకుంటోందని తేలింది. చావుకు అదే కారణమని ఆ పరిశోధన రుజువు చేయలేదు. కానీ మనిషికి ఇచ్చే ముందు చూడగలిగిన సంగతి, తర్వాత చూడాల్సి వచ్చింది. పక్కన పోయిన ఆ ఇతర బ్యాండ్లను తేలిగ్గా తీసుకోవద్దని గట్టిగా చెప్పడం ఇందుకే.

మన ఇళ్లలో పసుపు మీద ఉన్న గౌరవం వల్లనేమో, కర్క్యుమిన్ మీద పని మన దగ్గర విపరీతంగా జరుగుతుంది. దాన్ని ఎంజైమ్ ఇన్హిబిటర్‌గా చూపించే ముందు నిదానించండి. అది తానే వెలుగుతుంది, ప్రోటీన్లకు రసాయనికంగా అతుక్కుంటుంది, గుంపులు కడుతుంది, మామూలు పీహెచ్ దగ్గర త్వరగా విరిగిపోతుంది. దాదాపు ప్రతి పరీక్షనూ ఏదో ఒక దారిలో తప్పుదోవ పట్టిస్తుంది. గుంపులు కట్టే కాంపౌండ్లను పసిగట్టడానికి ఒక చవకైన ఉపాయం ఉంది. నాళికలో చేసే పరీక్షలో 0.01 శాతం ట్రైటాన్ ఎక్స్-100 కలపండి. దాంతో నిరోధం మాయమైతే అది ఇన్హిబిటర్ కాదు.

స్టాక్ ద్రావణాల గురించి చిన్న మాట. డీఎంఎస్ఓ 18.5 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ఏసీ గదిలో పూర్తిగా కరగని సీసాలోంచి పిపెట్‌తో లాగితే ఎంత మోతాదు వచ్చిందో ఎవరూ చెప్పలేరు. పూర్తిగా కరిగించి, వోర్టెక్స్ చేసి తీయండి. చిన్న చిన్న వంతులుగా పంచి దాచుకుంటే మాటిమాటికీ గడ్డకట్టించి కరిగించే పని ఉండదు. ఫలితం వింతగా ఉంటే ఎంజైమ్ మీద సిద్ధాంతం అల్లే ముందు ఎల్‌సీఎంఎస్‌లో కాంపౌండ్ ఇంకా కాంపౌండ్‌గానే ఉందో లేదో చూడమని కెమిస్ట్రీ వాళ్లను అడగండి.

అడగండి అన్న మాటలో అసలు ఉద్యోగ సలహా ఉంది. మన సంస్థల్లో కెమిస్ట్రీ ఒక అంతస్తు, బయాలజీ ఇంకో అంతస్తు. మధ్యలో ఎక్సెల్ షీట్లు తిరుగుతుంటాయి, మనుషులు తిరగరు. కెమిస్ట్రీ నుంచి వచ్చినవారు ఒక్కసారైనా తమ కాంపౌండ్ ప్లేటులో ఎలా పడుతోందో దగ్గరుండి చూడాలి. బయాలజీ నుంచి వచ్చినవారు కాంపౌండ్ బొమ్మ చూసి, ఇది దేన్నైనా పట్టుకుని వదలని రకమా అని గుర్తుపట్టేంత రసాయనం నేర్చుకోవాలి. ఈ రెండూ కొంచెం కొంచెం తెలిసినవారికి ఇంటర్వ్యూలో ఇచ్చే విలువ వేరుగా ఉంటుంది. రెజ్యూమెలో ‘వెస్టర్న్ బ్లాట్, ఎంటీటీ, ఎలైజా తెలుసు’ అని రాసేవారు వేలమంది. ‘కాంపౌండ్ తానే రంగు ఇస్తోందని కణాలు లేని వెల్స్‌తో పట్టుకున్నాను, పద్ధతి మార్చాను’ అని ఒక్క వాక్యం చెప్పగలిగినవారిని తర్వాతి ప్రశ్న అడగాలనిపిస్తుంది.

పై వాళ్లతో ఎలా మాట్లాడాలన్నది కొత్తవారి పెద్ద భయం. క్లయింట్‌తో సాయంత్రం కాల్ ఉంది, టీమ్ లీడర్ డేటా అడుగుతున్నారు, మీకు మాత్రం ఆ గ్రాఫ్ మీద నమ్మకం లేదు. ‘సార్, ఇది తప్పు’ అనక్కరలేదు. ‘సార్, ఉడికించిన వరుసలో కూడా ఈ బ్యాండ్ వచ్చింది, ఇంకోసారి చేయడానికి రేపటిదాకా టైమివ్వండి’ అనండి. చేతిలో జెల్ బొమ్మ ఉంచుకుని అనండి. అభిప్రాయానికి ఎదురు చెప్పడం కష్టంగానీ, బ్యాండ్‌ను చూపించడం ఎవరికైనా వీలవుతుంది. నోట్‌బుక్‌లో కాంపౌండ్ బ్యాచ్ నంబరు, కణాల పాసేజ్ నంబరు, డీఎంఎస్ఓ శాతం, బాగా రాని ప్లేటు కూడా ఏ రోజు పని ఆ రోజే రాయండి. ఆరు నెలల తర్వాత క్లయింట్ ప్రశ్న వేసినప్పుడు మిమ్మల్ని కాపాడేది ఆ పేజీయే.

కంట్రోళ్లకు వెల్స్ లేవు, కాంపౌండ్లు ఎక్కువున్నాయి అన్న మాట మీకు ప్రతి వారం వినిపిస్తుంది. ఈసారి ప్లేట్ మ్యాప్ గీసేటప్పుడు ముందు కణాలు లేని వెల్స్, ఎంజైమ్ లేని వెల్స్, పనిచేయని జంట కాంపౌండ్ వెల్స్ గీయండి. మిగిలిన చోటులో ఎన్ని కాంపౌండ్లు పడితే అన్నే వేయండి, మిగతావి రేపటి ప్లేటుకు ఉంచండి.